రెండు చేతులతో మలేషియా

నాకున్నవి రెండు చేతులు. పిల్లలు ఇద్దరు. ఒక్కో చేతికి ఒక్కొక్కరు. మరి సంచీ ఎవరు మోస్తారు?

2025 సంక్రాంతి సెలవులకు పిల్లల్ని తీసుకుని మలేషియా వెళ్దామని అనుకున్న రాత్రి నాకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇదే. డబ్బు సంగతి తర్వాత, భాష సంగతి తర్వాత. ముందు ఈ చేతుల లెక్క తేలాలి.

మాది నెల్లూరు. ఇంటర్‌తో నా చదువు ఆగిపోయింది. మావారు పోయి అప్పటికి మూడేళ్ళు దాటింది. పాపకు పదేళ్ళు, బాబుకు ఆరేళ్ళు. నెలనెలా వచ్చే ఫ్యామిలీ పెన్షను, ఇంట్లో కూర్చుని కుట్టే జాకెట్ల డబ్బులు, వీటితోనే ఇల్లు గడుస్తుంది. ఇలాంటి మనిషికి విదేశీ ప్రయాణం ఏమిటని మీకు అనిపించవచ్చు. మా వాళ్ళందరికీ కూడా అలాగే అనిపించింది.

అసలు ఈ ఆలోచన నాది కాదు, మా అమ్మాయిది. సెలవులొస్తే మేము కావలిలో మా అన్నయ్యగారింటికి వెళ్ళేవాళ్ళం. అన్నయ్య, వదిన బంగారం లాంటి మనుషులు. కానీ ఆ ఇంటికి వచ్చిపోయే వాళ్ళంతా పిల్లల తల నిమిరి, "పాపం, తండ్రి లేని బిడ్డలు" అని, మిగతా పిల్లలకు ఒక లడ్డూ ఇస్తే వీళ్ళకు రెండు ఇచ్చేవాళ్ళు. అది ప్రేమే, కాదనను. ఒకరోజు మా అమ్మాయి ఆ రెండో లడ్డూ తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "అమ్మా, మనల్ని పాపం అనని ఊరు ఉంటే ఈసారి అక్కడికి పోదాం" అంది.

నాకు నోట మాట రాలేదు. పదేళ్ళ పిల్ల మనసులో ఇంత ఉందా అనుకున్నాను. తెలిసిన ఊళ్ళలో అలాంటి చోటు ఎక్కడుంది? తెలియని ఊరికే పోవాలి.

మలేషియానే ఎందుకంటే

సింగపూర్ ఖర్చు ఎక్కువ. దుబాయ్ కూడా మన చేతికి అందదు. మలేషియాకైతే 2023 డిసెంబరు 1 నుంచి మన దేశం వాళ్ళకు వీసా అక్కర్లేకుండా చేశారు. 30 రోజుల దాకా ఉండవచ్చు. ఆ వెసులుబాటును 2026 డిసెంబరు 31 వరకు పొడిగించారు. ముగ్గురికి వీసా ఫీజు లేదంటే నాలాంటి వాళ్ళకు అదే పెద్ద ఊరట. పైగా మా నెల్లూరు నుంచి చెన్నై మూడు గంటల రైలు ప్రయాణం. చెన్నైలో విమానం ఎక్కితే నాలుగు గంటల్లో కౌలాలంపూర్. మా వాడు నెల్లూరు నుంచి హైదరాబాదు వెళ్ళేటప్పుడు ఇంతకంటే ఎక్కువసేపే కుదురుగా కూర్చున్నాడు. అక్కడ తమిళులు చాలామంది ఉన్నారు. మా నెల్లూరు వాళ్ళకు అరవం అంతో ఇంతో వస్తుంది కదా! ఇడ్లీ, దోసె, అన్నం దొరుకుతాయి. పిల్లలు తిండికి ఇబ్బంది పడరు.

డబ్బు విషయానికొస్తే లక్ష రూపాయల చీటీ ఒకటి చివరిదాకా పాడకుండా ఉంచాను. అది వచ్చింది. అందులో 25 వేలు పిల్లల బడి ఫీజులకు పక్కన పెట్టి, 75 వేలు ఒక డబ్బాలో వేశాను. ఈ డబ్బా దాటకూడదు అని ఒట్టు పెట్టుకున్నాను.

కాగితాల గొడవ

పాస్‌పోర్టుల కోసం ఊళ్ళో ఒక ఏజెంటు దగ్గరికి వెళ్ళాను. "తండ్రి సంతకం లేకుండా పిల్లలకు రాదమ్మా, చాలా తిరగాలి, ఎనిమిది వేలవుతుంది" అన్నాడాయన. తండ్రే లేడంటే సంతకం ఎక్కడి నుంచి తేను? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంటికొచ్చి, పక్కింటి డిగ్రీ చదివే అమ్మాయిని కూర్చోబెట్టుకుని సర్కారు వారి పాస్‌పోర్టు సైటులో ఉన్నదంతా చదివించుకున్నాను. ఆయన చెప్పిందంతా అబద్ధం.

నాలాంటి సోదరీమణులు ఇది తప్పకుండా తెలుసుకోవాలి. 2016 డిసెంబరులో నిబంధనలు మార్చారు. అప్పటినుంచి పిల్లల దరఖాస్తులో తల్లి పేరో తండ్రి పేరో ఒక్కటి ఉన్నా చాలు. భర్త పోయినవాళ్ళు మరణ ధ్రువీకరణ పత్రం చూపిస్తే సరిపోతుంది. భర్త విడిగా ఉండి సంతకం పెట్టకపోతే "అనుబంధం సి" అనే డిక్లరేషన్ ఉంది. తల్లి ఒక్కతే దాన్ని తెల్లకాగితం మీద రాసి ఇవ్వవచ్చు, నోటరీ అక్కర్లేదు. నాకు 1,500 రూపాయలు, పాపకు 1,000. బాబుకు ఎనిమిదేళ్ళ లోపు కాబట్టి పదో వంతు తగ్గి 900 అయింది. మొత్తం 3,400. ఎనిమిది వేలు ఎక్కడ, ఇది ఎక్కడ! పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్ళే చెల్లుతుంది. అది మాత్రం గుర్తుంచుకోండి.

వెళ్ళేముందు ఇంకొక్క పని ఉంది. మలేషియా వాళ్ళ డిజిటల్ అరైవల్ కార్డు. దిగే రోజుకు మూడు రోజుల ముందు నుంచి నింపవచ్చు. పిల్లలకు కూడా వేరువేరుగా నింపాలి. దానికి పైసా కట్టనక్కర్లేదు. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది అసలుది కాదని తెలుసుకోండి. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువుండాలి. తిరుగు టికెట్టు, బస కాగితం చేతిలో ఉండాలి.

నేను ఒక ప్లాస్టిక్ ఫైలులో పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, మావారి మరణ ధ్రువీకరణ పత్రం రెండేసి కాపీలు పెట్టుకున్నాను. చెన్నై విమానాశ్రయంలో అధికారి "పిల్లల నాన్నగారు?" అని అడిగారు. మాట్లాడకుండా ఆ కాగితం ముందుంచాను. చూసి, ముద్ర వేసి పంపేశారు. రెండు నిమిషాల పని. విడిగా ఉంటున్నవాళ్ళు కోర్టు కాగితం గాని, భర్త ఒప్పుకున్నట్లు రాసిచ్చిన ఉత్తరం గాని దగ్గర పెట్టుకుంటే మంచిది.

పెద్దల మాట

అన్నిటికంటే కష్టమైంది మా అత్తగారికి చెప్పడం. "సంక్రాంతి పూట వాడికి పెట్టుకోకుండా దేశాలు పట్టిపోతావా?" అన్నారు. మా ఇళ్ళలో పండగనాడు పోయినవాళ్ళకు కొత్త బట్టలు పెట్టి, వండినవన్నీ నైవేద్యం పెట్టుకుంటాం. ఆమె కొడుకు మీద ఆమెకు ఉండే బాధ నాకు తెలియదా? టికెట్ల ధర సెలవుల చివరి రోజులకంటే పండగ రోజుల్లో తక్కువగా ఉందని చెప్పాను గాని, అది జవాబు కాదని నాకే తెలుసు. చివరికి, "అత్తయ్యా, ఇక్కడ మీరు పెట్టండి. అక్కడ నేనూ పెడతాను" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. బయల్దేరే రోజు మాత్రం ఒక కొత్త తుండుగుడ్డ తెచ్చి నా సంచీలో పెట్టారు.

సంచీల లెక్క

చేతుల లెక్క ఇలా తేల్చాను. చక్రాల పెట్టె వద్దు. పెట్టె లాగితే ఒక చెయ్యి పోతుంది. ముగ్గురికీ వీపు సంచీలు. చౌక విమానాల్లో ఒక్కొక్కరికి ఏడు కేజీల సంచీ చేతితో తీసుకెళ్ళనిస్తారు. పిల్లలకూ పూర్తి టికెట్టే కాబట్టి వాళ్ళకూ ఏడేసి కేజీలు. నాది ఏడు, పాపది నాలుగు, బాబుది రెండు. అంతే. మనిషికి మూడు జతలు, రాత్రి ఉతికి ఆరేసుకోవడమే. పెట్టెలకు అదనపు రుసుము లేదు, దిగాక వాటికోసం ఎదురుచూడడమూ లేదు.

పిల్లల మెడలో ఒక్కో కార్డు వేశాను. దానిమీద పేరు, మా బస చిరునామా, అక్కడ కొన్న సిమ్ నంబరు. అక్కడి అత్యవసర నంబరు 999. అది కూడా రాశాను. ఇంట్లో పది రోజులు రోజూ ఒక పాఠం చెప్పాను. "తప్పిపోతే వెతకవద్దు. ఉన్నచోటే నిలబడు. అమ్మ వస్తుంది. రైల్లో నువ్వొక్కదానివే వెళ్ళిపోతే తర్వాతి స్టేషన్‌లో దిగి, దిగినచోటే నిలబడు." ఎక్కాల్లాగా అప్పజెప్పించుకున్నాను. ఆ పాఠం అక్కరకొస్తుందని అప్పుడు అనుకోలేదు.

బ్రిక్‌ఫీల్డ్స్‌లో మా ఇల్లు

జనవరి 11 రాత్రి బయల్దేరి మర్నాడు తెల్లవారి దిగాం. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి వేగంగా పోయే రైలుంది కాని, పెద్దవాళ్ళకు 55 రింగిట్లు. మేం వెళ్ళినప్పుడు ఒక రింగిట్ 19 రూపాయల పైచిలుకు. బస్సుకైతే 15 రింగిట్లు. గంటసేపు పడుతుంది, అంతే. బస్సే ఎక్కాం. పిల్లలు నా ఒళ్ళో తలలు పెట్టుకుని నిద్రపోయారు.

బస కోసం బ్రిక్‌ఫీల్డ్స్ అనే పేట ఎంచుకున్నాను. ఒకప్పుడు అక్కడ ఇటుక బట్టీలుండేవట, అందుకే ఆ పేరు. ఇప్పుడు దాన్ని లిటిల్ ఇండియా అంటారు. ఊళ్ళోని రైళ్ళన్నీ కలిసే కేఎల్ సెంట్రల్ స్టేషనుకు నడిచిపోయేంత దూరం. పూలమాలల దుకాణాలు, చీరల కొట్లు, అరిటాకు భోజనాలు. చెన్నై టీ నగర్‌లో ఉన్నట్లే ఉంది. ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో గది రోజుకు 110 రింగిట్లు. దాంతోపాటు విదేశీయులు గదికి రాత్రికి 10 రింగిట్ల పర్యాటక పన్ను కట్టాలి. ఇది ముందే లెక్కలో వేసుకోండి. అక్కడ అందరికీ కలిపి ఒక వంటగది ఉంది. నేను ఆ గది తీసుకున్నది దానికోసమే. ప్లగ్గులు మాత్రం మూడు చదును పిన్నులవి. ఒక అడాప్టరు వెంట ఉండాలి.

పొద్దున ఉప్మా, రాత్రి అన్నం గదిలో. మధ్యాహ్నం మాత్రం బయట తినేవాళ్ళం. అక్కడ రోటీ చనాయ్ అని మన పరోటా లాంటిది దొరుకుతుంది. పప్పు పులుసుతో ఇస్తారు. పిల్లలు రెండేసి తినేవాళ్ళు. ముగ్గురం కలిసి 15 రింగిట్లలో కడుపు నింపుకునేవాళ్ళం. దోసెను వాళ్ళు తోసై అంటారు. అన్నం మీద కొబ్బరిపాల వాసన వచ్చే నాసి లెమాక్ పాపకు నచ్చింది. కొన్ని మాటలు మాత్రం నేర్చుకుని వెళ్ళండి. "ఆయమ్" అంటే కోడి, "తెలూర్" అంటే గుడ్డు, "సాయుర్" అంటే కూరగాయలు. "దాగింగ్" అంటే మాంసం, ఎక్కువగా గొడ్డు మాంసం, కనుక తినని వాళ్ళు చూసుకోవాలి. "బెరాపా" అంటే ఎంత, "తండాస్" అంటే బాత్రూము. పిల్లలతో తిరిగేవాళ్ళకు ఈ ఆఖరిమాటే ముఖ్యం! చాలాచోట్ల దానికి చిల్లర ఇవ్వాలి, నాణేలు దగ్గర పెట్టుకోండి.

తలుపులు మూసుకున్నాయి

రెండోరోజు సాయంత్రం పెట్రోనాస్ జంట మేడలు చూడటానికి వెళ్ళాం. 88 అంతస్తులు, 452 మీటర్ల ఎత్తు. 1998 నుంచి 2004 దాకా ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తైన భవనాలు అవే. పైకెక్కి చూడటానికి టికెట్టు ఖరీదు. మేం ఎక్కలేదు. వాటి కింద పెద్ద పార్కు ఉంది. దానికి డబ్బు లేదు. పిల్లలు ఆడుకోవడానికి లోతులేని నీళ్ళ కొలను, ఊయలలు, జారుడుబల్లలు ఉన్నాయి. చీకటి పడ్డాక చెరువులో రంగుల ఫౌంటెన్లు. మూడు గంటలు ఆడుకున్నారు. నేను చెప్పులు విడిచి గడ్డిలో కూర్చున్నాను. ఎన్నాళ్ళయిందో అలా కూర్చుని!

తిరిగి వచ్చేటప్పుడు జరిగింది ఆ సంగతి. ఆ లైనులో రైళ్ళకు డ్రైవరుండడు, వాటంతటవే నడుస్తాయి. జనం కిక్కిరిసి ఉన్నారు. పాప నా చెయ్యి వదిలి ముందు ఎక్కేసింది. బాబు చెప్పు ఊడింది. నేను వంగి తీసి లేచేసరికి తలుపులు మూసుకున్నాయి. అద్దంలోంచి పాప మొహం కనిపించింది. రైలు వెళ్ళిపోయింది.

నా గుండె ఆగిపోయిందనుకున్నాను. కాళ్ళు వణికాయి. అంతమంది జనంలో ఎవరిని అడగాలో, ఏ భాషలో అడగాలో తెలియలేదు. ఆ నాలుగు నిమిషాలు నేను మావారిని తిట్టుకున్నాను. ఉన్నది ఉన్నట్లు చెబుతున్నాను. "నన్నొక్కదాన్నే వదిలేసి పోయావే" అని ప్లాట్‌ఫారం మీద నిలబడి మనసులోనే తిట్టుకున్నాను. ఆయన పోయిన రోజు కూడా నేను అలా అనుకోలేదు.

బాబు నా చెయ్యి లాగి, "అమ్మా, అక్క తర్వాతి స్టేషన్‌లో నిలబడి ఉంటుంది గదా" అన్నాడు. వాడికి పాఠం గుర్తుంది. భయంలో నాకే గుర్తులేదు.

తర్వాతి రైలు ఎక్కి కంపుంగ్ బారు అనే స్టేషన్‌లో దిగాం. దిగిన తలుపు ఎదురుగానే గోడకు వీపు ఆనించి నిలబడి ఉంది నా తల్లి. మెడలో కార్డు రెండు చేతులతో పట్టుకుని ఉంది. పక్కన తలకు ముసుగు వేసుకున్న ఒక మలయా ఆవిడ నిలబడి ఉంది. తన రైలు ఎక్కకుండా మేం వచ్చేదాకా అక్కడే ఆగిపోయిందని తర్వాత అర్థమైంది. నేను పాపను పట్టుకుని ఏడుస్తుంటే ఆవిడ నా వీపు మీద రెండుసార్లు తట్టి, బాబు బుగ్గ గిల్లి, వచ్చిన రైలెక్కి వెళ్ళిపోయింది. ఆవిడ పేరు కూడా అడగలేదు నేను.

"ఏడవకమ్మా, నేను కదల్లేదు గదా" అంది మా అమ్మాయి.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చాను. రైలు తలుపు దగ్గర ముందు బాబు, నేను. పాప నా సంచీ పట్టీ పట్టుకుని నాతోపాటే. ఎక్కేటప్పుడు ఎవరూ ఎవరికంటే ముందు పోకూడదు. మీరు కూడా ఇలాగే చెయ్యండి.

బటు గుహల దగ్గర సంక్రాంతి

పండగనాడు తెల్లవారుజామున లేచి వంటగదిలో అన్నం, పప్పు, పెరుగన్నం, బెల్లం పొంగలి చేశాను. గదిలో బల్ల మీద మావారి ఫొటో, అత్తగారిచ్చిన కొత్త తుండుగుడ్డ పెట్టి నైవేద్యం పెట్టాం. గెస్ట్‌హౌస్ అయ్య అరిటాకు తెచ్చిచ్చాడు. బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఆ రోజు తమిళుల పొంగల్ హడావుడి. చెరకు గడలు కట్టిన దుకాణాలు, పాలు పొంగించే కుండలు. పండగ మాకు తప్పిపోలేదు.

తర్వాత బటు గుహలకు వెళ్ళాం. కేఎల్ సెంట్రల్ నుంచి నేరుగా రైలుంది, టికెట్టు మూడు రింగిట్ల లోపే. ఆ రైళ్ళలో ఆడవాళ్ళకు ప్రత్యేకంగా గులాబీ రంగు గుర్తులున్న పెట్టెలుంటాయి. ఒంటరిగా తిరిగే ఆడవాళ్ళకు ఎంతో హాయి.

రైలు దిగగానే కొండ ముందు బంగారు రంగులో సుబ్రహ్మణ్యస్వామి విగ్రహం. 42.7 మీటర్ల ఎత్తు, 2006లో పూర్తయింది. పక్కనే 272 మెట్లు. 2018లో వాటికి రంగులు వేశారు, చూడటానికి ముగ్గులు పరిచినట్లే ఉంటాయి. 1892 నుంచి ఇక్కడ తైపూసం పండగ జరుగుతోంది. మోకాళ్ళు కనిపించే బట్టలతో పైకి వెళ్ళనివ్వరు. చీరో, చుడీదారో కట్టుకుంటే ఏ ఇబ్బందీ లేదు. కోతులతో జాగ్రత్త. మా వాడి బిస్కెట్ ప్యాకెట్టు ఒక కోతి లాక్కునిపోయింది. తినేవి సంచీలో దాచి ఎక్కండి.

నూటయాభై మెట్లు ఎక్కాక బాబు "ఎత్తుకో" అని కూర్చుండిపోయాడు. ఆరేళ్ళ పిల్లవాణ్ణి ఎత్తుకుని నిట్టనిలువు మెట్లు ఎక్కడం నాకు అయ్యే పని కాదు. నేను చెప్పకుండానే పాప నా సంచీ అందుకుని తన ముందువైపు తగిలించుకుంది. వెనుక ఒకటి, ముందు ఒకటి. "ఇప్పుడు వాణ్ణి రెండు చేతులతో పట్టుకోమ్మా" అంది. అలా మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకి చేరాం.

కింద మేం తెలుగులో మాట్లాడుకుంటుంటే ఒక పెద్దావిడ దగ్గరికి వచ్చింది. "తెలుగోళ్ళా?" అంది. వాళ్ళ తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల్లో పనికి వచ్చారట. ఆమె పుట్టింది, పెరిగింది మలేషియాలోనే. మన ఊరు ఎప్పుడూ చూడలేదు. తెలుగు మాత్రం పోనివ్వలేదు. యాస వేరు గాని ప్రతి మాటా అర్థమయింది. "మీ ఇంటాయన రాలేదా?" అని అడిగింది. "లేరండీ, పోయారు" అన్నాను. ఆ మాట అనగానే పిల్లలిద్దరూ నా వైపు చూశారు. తర్వాత ఏ మాట వస్తుందో వాళ్ళకు తెలుసు.

ఆమె ఒక్క క్షణం ఆగింది. "మెట్లన్నీ ఎక్కారా పిల్లలు? గట్టోళ్ళే. అన్నం తిన్నారా?" అంది. కింద కొట్టులో ముగ్గురికీ కొబ్బరి బోండాలు కొట్టించింది. డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది. పాప ఆ బోండాం ఆఖరి చుక్క దాకా తాగింది. రెండో లడ్డూ లాగా పక్కన పెట్టలేదు.

ఖర్చు ఎంతయింది?

లెక్క దాచకుండా చెబుతాను. విమానం టికెట్లు మూడు నెలల ముందు కొన్నాం, ముగ్గురికి 42,600. పాస్‌పోర్టులు 3,400. నెల్లూరు-చెన్నై రానుపోను 1,800. ప్రయాణ బీమా 1,800. ఇది మాత్రం మానకండి, పిల్లలకు జ్వరమొస్తే ఎవరిని అడుగుతాం? ఐదు రాత్రుల గది, పన్నుతో కలిపి 600 రింగిట్లు, అంటే 11,600. తిండికి 5,800. ఊళ్ళో తిరగడానికి 3,500. మ్యూజియం టికెట్లు, సెంట్రల్ మార్కెట్‌లో కొన్న చిన్న చిన్న వస్తువులు 2,900. సిమ్ 600. మొత్తం 74,000. నా డబ్బాలో వెయ్యి రూపాయలు మిగిలాయి.

పక్షుల పార్కు, మేడ పైకెక్కడం, వేగం రైలు, ఈ మూడూ వదులుకున్నాం. పిల్లలు వాటిని ఒక్కసారి కూడా అడగలేదు. రోజుకు ఒక్క చోటే చూశాం. మధ్యాహ్నం వాన పడేది, అప్పుడు గదికొచ్చి పడుకునేవాళ్ళం. ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఒకరు అలిసినా ఇంకొకరుంటారు. ఒక్కరే ఉన్నప్పుడు ఆ ఒక్కరూ అలిసిపోకూడదు. అందుకే విశ్రాంతిని కూడా లెక్కలో వేసుకోవాలి.

సంచీలో ఉప్మా పొడి

మాకు ఎక్కువగా అక్కరకొచ్చింది ఇది. సన్న బొంబాయి రవ్వ రెండు కప్పులు. నాలుగు చెంచాల నూనెలో ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, జీడిపప్పు, ఎండుమిర్చి ముక్కలు వేయించి, కరివేపాకు గలగలలాడేదాకా వేగనివ్వాలి. రవ్వ పోసి సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, ఉప్పు, చిటికెడు ఇంగువ కలిపి పూర్తిగా చల్లారాక డబ్బాలో పోయాలి. తడి తగలకూడదు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వెయ్యకండి, నిలవ ఉండదు. కావలసినప్పుడు ఒక కప్పు పొడిలో రెండు కప్పుల మరిగే నీళ్ళు పోసి, కలిపి, ఏడెనిమిది నిమిషాలు మూత పెడితే చాలు. దీంతోపాటు కందిపొడి తీసుకెళ్ళండి. ఊరగాయలు మాత్రం చేతి సంచీలో పెట్టకండి, తనిఖీలో తీసేస్తారు.

ఇంటికొచ్చాక

తిరిగొచ్చిన మర్నాడు అత్తగారింటికి వెళ్ళాం. బల్ల మీద పెట్టిన ఫొటో, తుండుగుడ్డ, అరిటాకు అన్నీ పాప ఫోనులో తీసింది. అది చూపించాను. అత్తగారు ఆ ఫొటోను చాలాసేపు చూశారు. "అక్కడ కూడా అరిటాకు దొరికిందా!" అన్నారు. అంతే.

అంతలో పక్కింటావిడ వచ్చి, "పాపం, ఒక్కదానివే ఇద్దర్నీ వేసుకుని ఎట్లా తిరిగావమ్మా" అంది. మా వాడు ఆటలో నుంచి తల ఎత్తి, "ఒక్కతే కాదు, మేం ముగ్గురం పోయాం" అన్నాడు.

ఇప్పుడు వంటింట్లో మళ్ళీ ఒక డబ్బా పెట్టాం. మిగిలిన వెయ్యి అందులోనే ఉంది. జాకెట్టు కుట్టినప్పుడల్లా నేనొక యాభై వేస్తాను. పాప తన పుట్టినరోజు డబ్బులు వేసింది. ఈసారి ఎక్కడికని ఇంకా అనుకోలేదు. చీటీ మాత్రం కట్టడం మొదలుపెట్టాను.